ముంజేతిలో అడ్డబోదె

మామయ్య: ఏమ్మా, కాలేజీలో పిల్లలకి ఏం నేర్పుతున్నారసలు? మొన్న థియేటర్లో కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు కుర్రాణ్ణి అడిగాను, అరచేతిలో చిన్న కండరాలకి ఏ నరం పోతుందిరా అని. తడుముకోకుండా ఏమన్నాడో తెలుసా? "అది మనిషిని బట్టి ఉంటుంది సార్" అన్నాడు!

మేనకోడలు: నిజమే చెప్పాడుగా మామయ్యా.

మామయ్య: నిజం చెప్పలేదు, తప్పించుకున్నాడు. రెండింటికీ తేడా ఉంది.

ఇద్దరూ డాక్టర్లే. మామయ్య చిలకలూరిపేటలో ఎముకలూ తెగిన చేతులూ చూసుకుంటూ తల నెరిసిన సర్జన్. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీలో, అనాటమీకి ఏడాదిన్నర ఇచ్చిన రోజుల్లో చదువుకున్నాడు. ఆ ఏడాదిన్నరని 1997లో ఏడాదికి కుదించారన్న కోపం ఆయనకి ఇంకా తగ్గలేదు. మేనకోడలు అనాటమీ చెబుతుంది. ఫార్మలిన్ వాసన మధ్య పొద్దుగూకులూ ముంజేతులు విప్పి, నరాలు ఎటు పోతున్నాయో రాసుకోవడం ఆమె పని. నేను డాక్టర్ని కాను. మధ్యలో కూర్చుని వినడం నా వంతు.

మామయ్య: చౌరాసియా పుస్తకం తియ్, ఏముంటుంది? చేతికి మూడు పెద్ద నరాలు. రేడియల్ వెనకవైపు, మణికట్టూ వేళ్లూ పైకెత్తడానికి. మీడియన్ ముంజేతి నడిమిన దిగి, మణికట్టు సొరంగంలోంచి అరచేతిలోకొచ్చి, బొటనవేలి మొదట్లో కండరాలకి పోతుంది. అల్నార్ మోచేతి లోపలి ఎముక వెనకగా వస్తుంది, తలుపుకి తగిలితే జివ్వుమనేది అదే. వేళ్లు విప్పే, దగ్గరికి చేర్చే చిన్న కండరాల్లో ముప్పాతిక మువ్వీసం దానివే. ఈ ముక్క రాని డాక్టరు "మనిషిని బట్టి" అంటే ఎట్లా?

మేనకోడలు: ఆ ముక్క రావాల్సిందే, కాదనను. కానీ అక్కడితో ఆగితే నష్టం. మీడియన్ నరంలోంచి ముంజేతి పైభాగంలో ఒక సన్న పోగు విడిపోయి, లోతు కండరాల మీదుగా ఏటవాలుగా దిగి, అల్నార్‌లో కలుస్తుంది కొందరిలో. అల్నార్‌లో మామూలుగా ఉండాల్సిన పోగులు కొన్ని సగం దారి మీడియన్‌లో ప్రయాణం చేసి, అక్కడ దారి మారతాయన్నమాట. 1763లో స్వీడన్‌లో రోలండ్ మార్టిన్ చెప్పాడు. 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వెంజెల్ గ్రూబర్ 250 ముంజేతులు విప్పి, 38 చోట్ల చూపించాడు. అందుకే మార్టిన్-గ్రూబర్ కలయిక అంటాం. ఇప్పటి అధ్యయనాలన్నీ పోగేస్తే ఐదుగురిలో ఒకరికి దగ్గరగా తేలుతుంది.

మామయ్య: ఇదిగో, మన బావకి అర్థమయ్యేట్టు చెప్పు. ఆయన మొహం చూడు.

మేనకోడలు: సాగర్ కుడి కాలువ తెలుసుగా బాబాయ్? ఒకే కాలువలోంచి రెండు మేజర్లు విడిపోయాయి అనుకోండి. రెండో మేజరు కింద ఉన్న మిరప చేలకి నీళ్లు ఆ మేజరులోంచే రావాలి, కాగితం మీద. కానీ రైతులు మొదటి మేజరు నుంచి ఒక అడ్డబోదె తవ్వి, నడిమధ్యలో రెండోదాంట్లోకి కలిపేశారు. లస్కరు పైన రెండో మేజరు తూము మూసేశాడు. అయినా కింద కొన్ని చేలు తడుస్తూనే ఉన్నాయి. తడుస్తున్న చేలు చూసి ఇంజనీరు "తూము తెరిచే ఉంది" అని రాసుకుపోతాడు.

మామయ్య: బాగుంది. కానీ నీ ఇంజనీరు తూము దగ్గరికి వెళ్లి చూడొచ్చుగా?

మేనకోడలు: మన క్యాజువాలిటీల్లో ఎంతమంది తూము దాకా వెళ్తున్నారు?

మామయ్య: ఆగు, దీనికంటే ముందు ఆ ఐదుగురిలో ఒకరు సంగతి తేల్చు. ఒక ఊరి లెక్క పది శాతం, ఇంకో ఊరి లెక్క ముప్పై. మనుషులు అంత మారతారా? మారేది కోసేవాడి చెయ్యి. నువ్వే చెప్పావు, మొదటేడు పిల్లలు ఫేసియా పొరలు శుభ్రం చేస్తూ ఆ పోగుని కూడా పీకి పారేస్తారని. పీకేసినచోట తక్కువ కనిపిస్తుంది, ఓపిగ్గా తీసినచోట ఎక్కువ. ఇంకో పక్కన ప్రమోషన్‌కి పేపర్లు కావాలి. ఒక శవంలో ఒక వింత కొమ్మ కనిపించగానే ఫొటో, "అరుదైన కేసు" అని ఒక పేపరు. వెయ్యి అరుదైన కేసులు అచ్చయ్యాక అది అరుదెలా అవుతుంది?

ఈ మాటకి ఆమె నవ్వింది గానీ ఖండించలేదు. నాకూ మామయ్య లెక్క సబబుగానే తోచింది. అరుదు అన్న మాటతో మొదలయ్యే వ్యాసాలు అన్ని రంగాల్లోనూ కాస్త ఎక్కువే.

మేనకోడలు: పేపర్ల పిచ్చి గురించి నాతో గొడవ వద్దు, నాకూ ఒంటికి పట్టదు. కానీ కోతలో తప్పిపోతే కరెంటు పరీక్షలో దొరుకుతుంది. బతికున్న మనిషికి మోచేతి దగ్గర మీడియన్‌ని ఉత్తేజపరిచి, అల్నార్ కండరం మీద తీగ పెట్టి చూస్తే, అడ్డబోదె ఉంటే కండరం అదురుతుంది. అక్కడ పీకేయడానికి ఏమీ లేదుగా.

మామయ్య: సరే ఉందనుకుందాం. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లని చూడు. గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పెట్టినవాడు, జిన్నింగ్ మిల్లులో రంపపు చక్రాలకి తగిలినవాడు, తాగి కిటికీ అద్దం గుద్దినవాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ రక్తం ఆపి, మూడు కుట్లేసి, టీటీ ఇంజక్షన్ చేసి పంపేస్తాడు. ఆ మనిషి నాలుగు నెలల తర్వాత వస్తాడు, చేతి గూళ్లు పడిపోయి, వేళ్లు కొంకర్లు పోయి. నరం రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి దగ్గర తెగితే అరచేతికి ముప్పై సెంటీమీటర్లు, అంటే దగ్గర దగ్గర ఏడాది. ఏడాది, ఏడాదిన్నర దాటితే కండరం నరాన్ని స్వీకరించదు. మొదటి నాలుగు నెలలు గాల్లో కలిసిపోతే ఇక ఏం కుట్టను? ఇక్కడ కావాల్సింది ఆ గాయం రోజునే పెద్దాసుపత్రికి తోలే ఆర్‌ఎంపీ. స్వీడన్ వాడి కొమ్మ కాదు.

మేనకోడలు: ఆ ఆర్‌ఎంపీ ఎందుకు తోలలేదు? వేళ్లు ఆడించు అన్నాడు, ఆడించాడు. నరం బాగానే ఉంది పో అన్నాడు.

మామయ్య: ఆడతాయమ్మా! అడ్డబోదె లేని మనిషికీ ఆడతాయి. మణికట్టు దగ్గర అల్నార్ తెగినా, వేళ్లు ముడిచే పొడుగు కండరాలకి కొమ్మలు పైనే వెళ్లిపోయాయి. వేళ్లు పైకెత్తేది రేడియల్. ముడవడం, చాపడం రెండూ ఉంటే చూసేవాడికి చెయ్యి ఆడుతున్నట్టే. పైగా ఇది చూడు. మన దగ్గర కోతలు ఎక్కువ మణికట్టు దగ్గర. నీ మార్టిన్ గారి పోగు ఆ పాటికే అల్నార్‌లో కలిసిపోయింది. మణికట్టు దగ్గర అల్నార్ తెగితే ఆ పోగూ తెగుతుంది. అది ఎవర్నీ కాపాడదు, ఎవర్నీ మోసం చెయ్యదు. ఆ ఆర్‌ఎంపీ పొరపాటుకి నువ్వు తెచ్చిన ముద్దాయి వేరే ఊళ్లో ఉన్నాడు.

ఇది దెబ్బ. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది ఇంకా బాగుంది.

మేనకోడలు: ఒప్పుకుంటాను. మణికట్టు దగ్గర అల్నార్ కోతకి మార్టిన్-గ్రూబర్‌తో పనిలేదు. కానీ మణికట్టు దగ్గర మీడియన్ తెగితే? అరచేతిలో ఇంకో కలయిక ఉంది, రీష్, కానియూ అని ఇద్దరు ఫ్రెంచి వాళ్లు 1897లో వేరువేరుగా చెప్పారు. అల్నార్ లోతు కొమ్మకీ, బొటనవేలికి పోయే మీడియన్ కొమ్మకీ మధ్య. అది గట్టిగా ఉన్నవాళ్లలో మీడియన్ పూర్తిగా తెగినా బొటనవేలు చిటికెన వేలిని అందుకుంటుంది. అప్పుడు నువ్వైనా ఏమనుకుంటావు?

మామయ్య: సగమే తెగిందనుకుంటాను.

మేనకోడలు: అనుకుని?

మామయ్య: గాయం విప్పి చూస్తాను. నేను కండరం మాట నమ్మను. చూపుడు వేలి కొసన స్పర్శ లేదంటే మీడియన్ పోయినట్టే, బొటనవేలు భరతనాట్యం చేసినా సరే.

మేనకోడలు: నీకు తెలుసు కాబట్టి. ఇక మోచేతి దగ్గర సంగతి. కుష్ఠు ఎక్కడ కొడుతుంది మామయ్యా?

మామయ్య: అల్నార్‌ని మోచేతి కాస్త పైన. చేత్తో తడిమితే తాడులా తగులుతుంది.

మేనకోడలు: అంటే అడ్డబోదె కలిసే చోటుకి పైన. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల కుష్ఠు ఆసుపత్రి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఈ తీరం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1948 ప్రాంతంలో కొంకర్లు పోయిన వేళ్లకి టెండన్లు మార్చి కుట్టడం మొదలుపెట్టాడంటే, అంతమంది చేతులు పాడయ్యాయన్నమాట. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తానికి పదివేల మందిలో ఒకరికంటే తగ్గింది అని ప్రకటించారు, కానీ కొత్త కేసులు ఆగలేదు. ఊళ్లోకొచ్చిన కార్యకర్త చిటికెన వేలు పక్కకి చాపమని వేలితో నొక్కి చూస్తాడు. అడ్డబోదె ఉన్న కొందరిలో ఆ బలం మిగిలే ఉంటుంది. నరం లోపల చెడిపోతుంటే పైకి కండరం సరే సరే అంటుంది.

మామయ్య: కార్యకర్త నరం తడుముతాడు, బాల్‌పెన్ను కొసతో తాకి స్పర్శ కూడా చూస్తాడు. కండరం ఒక్కటే చూసి పోడు.

మేనకోడలు: చూస్తే మంచిదే.

ఇక్కడ మాట మిరపకాయల వైపు మళ్లింది. గుంటూరు జిల్లాలో నరాల గురించి మాట్లాడి మిర్చి మాట రాకుండా ఎట్లా ముగుస్తుంది? నాకు ఈ భాగమే అన్నిటికంటే నచ్చింది, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

మేనకోడలు: మామయ్యా, కోతల కాలంలో చేతులు మండుతున్నాయని వచ్చే ఆడవాళ్లని ఏం చేస్తావు?

మామయ్య: ఏం చేస్తాను, నూనె రాసుకోమంటాను. కారం నీళ్లకి కరగదు, నూనెకి కరుగుతుంది. ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చి చేలగట్ల మీద గుడిసెలేసుకునే కూలీలకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోయడం, ఆ తర్వాత కళ్లాల్లో తాలు ఏరడం, ముచ్చికలు తీయడం. మండక ఏమవుతుంది?

మేనకోడలు: ఏ వేళ్లు మండుతున్నాయని అడుగుతావా?

మామయ్య: అన్నీ మండుతాయి.

మేనకోడలు: అదే అడుగుతున్నా. కారం అయితే అన్నీ మండాలి. క్యాప్సైసిన్ చర్మంలో వేడిని పసిగట్టే తలుపు తెరుస్తుంది, 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఆ తలుపుని పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఆ తలుపుకి ఇది మీడియన్ వేలు, ఇది అల్నార్ వేలు అన్న తేడా లేదు. కానీ కొందరు ఆడవాళ్లు బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మండుతున్నాయి, చిటికెన వేలు బాగానే ఉంది అంటారు. రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటారు. కోతలు అయిపోయి రెండు నెలలైనా మంట పోలేదంటారు. అది మిరపకాయ మంట కాదు. రోజంతా బొటనవేలూ చూపుడు వేలూ బిగించి ముచ్చిక తుంచి తుంచి, మణికట్టు సొరంగంలో తొమ్మిది టెండన్లు వాచి, మీడియన్‌ని నొక్కుతున్నాయి.

మామయ్య: కార్పల్ టనెల్. అది నాకు తెలియదా?

మేనకోడలు: తెలుసు. ఆమెకి తెలియదు, ఇంట్లో వాళ్లకి తెలియదు. మిర్చి పని చేసే మనిషి చెయ్యి మండుతోందంటే ఇక ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు.

మామయ్య: ఇంకో సంగతి చెబుతా విను. అరచేయి నడుమ కూడా మండితే అది సొరంగం కాదు. అరచేతికి పోయే చర్మపు కొమ్మ సొరంగానికి పైనే విడిపోయి, కప్పు మీదుగా పోతుంది. అది నొక్కుకోదు. వేళ్లు మండి అరచేయి చల్లగా ఉంటే నేను మణికట్టు వంచి ఒక నిమిషం పట్టుకోమంటాను. తిమ్మిరి పెరిగిందా, ఇక అనుమానం లేదు. చూశావా, ఇదంతా చౌరాసియాలో ఉన్న నరమే. నీ తేడాలు ఎక్కడా అడ్డు రాలేదు.

మేనకోడలు: వస్తాయి, ఉంగరపు వేలు దగ్గర. పుస్తకంలో ఆ వేలు సగం మీడియన్‌ది, సగం అల్నార్‌ది. కానీ అరచేతిలో ఆ రెండు నరాల చర్మపు కొమ్మల మధ్య ఒక కలయిక చాలామందిలో ఉంటుంది, సగానికి మించి. దాన్ని మొదట బొమ్మ వేసింది డాక్టరు కాదు. రోమ్‌లో పియెత్రో బెరెత్తీని అనే చిత్రకారుడు, పదిహేడో శతాబ్దంలో. ఆయన పోయాక 1741లో ఆ బొమ్మలు అచ్చయ్యాయి. కాబట్టి ఉంగరపు వేలి మీద గీత గీసి ఇటు ఇది అటు అది అనడానికి లేదు. ఇక నువ్వు ఆమెని గుంటూరు పంపి కరెంటు పరీక్ష చేయించావనుకో. మణికట్టు దగ్గర కరెంటు నెమ్మదిగా పోతోంది, సరే. మోచేతి దగ్గర కొడితే కొంత కరెంటు అడ్డబోదె గుండా అల్నార్‌లోకి జారి, సొరంగాన్ని తప్పించుకుని, ముందే అరచేతికి చేరుతుంది. వేగం లెక్కేస్తే మామూలుగా సెకనుకి 50, 60 మీటర్లు ఉండాల్సింది నమ్మలేనంత ఎక్కువ వస్తుంది. తెలియని టెక్నీషియన్ మిషన్ చెడిపోయిందనుకుంటాడు. కొత్త డాక్టరు నార్మల్ అని రాస్తాడు.

మామయ్య: నేను రిపోర్టు చూడను, మనిషిని చూస్తాను. రాత్రి లేచి చెయ్యి విదిలించే మనిషికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.

మేనకోడలు: ఆమె చెయ్యి విప్పేటప్పుడు?

మామయ్య: ఏముంది, చిన్న కోత.

మేనకోడలు: కోత పెట్టి సరాసరి కత్తి తోసేస్తావా?

మామయ్య: తొయ్యను. కప్పు అంచు ఎత్తి, కింద చూసుకుంటూ పోతాను. ఒక్కోసారి మీడియన్ పక్కన చిన్న ధమని ఉంటుంది. గర్భంలో ఉండి పోవాల్సింది పోకుండా మిగిలిపోయింది. దాంతో పాటు నరం కూడా రెండుగా చీలి ఉండొచ్చు. బొటనవేలి కొమ్మ ఒక్కోసారి కప్పుని చీల్చుకుని పైకొస్తుంది. చూసుకోకపోతే బొటనవేలు పోయినట్టే.

మేనకోడలు: ఇవన్నీ చౌరాసియాలో నరమేనా మామయ్యా?

మామయ్య: ఇది అనుభవం.

మేనకోడలు: నీ అనుభవం పేరే నేను పుస్తకంలో పెట్టమంటున్నది. ఆ కుర్రాడు నీ అంత అనుభవం తెచ్చుకునేలోపు ఎన్ని బొటనవేళ్లు కొయ్యాలి?

మామయ్య: ఆ ధమని గురించి ఆస్ట్రేలియా వాళ్లు 2020లో రాశారు, మనుషుల్లో అది పెరుగుతోంది, ఇంకా పరిణామం జరుగుతోంది అని. పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులు. 1880ల్లో పుట్టినవాళ్లలో పది శాతం, ఇప్పుడు ముప్పై. ఆ పాత లెక్కలు తీసినవాడు ఎంత జాగ్రత్తగా కోశాడో ఎవడికి తెలుసు? నేను ఈ మాట ఇందాకే చెప్పాను.

ఆమె దానికి జవాబు చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు చిటికెన వేలికి ఆనించి మణికట్టు కొంచెం వంచమంది. కుడిచేతి మణికట్టు నడుమ ఒక టెండన్ లేచి నిలబడింది. ఎడమచేతిలో ఏమీ లేదు, నున్నగా ఉంది. ఇన్నేళ్లూ నా చేతికి ఒక కండరం తక్కువని నాకు తెలియదు. పాల్మారిస్ లాంగస్ అట. లేకపోయినా పట్టులో తేడా రాదట.

మేనకోడలు: తెగిన టెండన్‌కి బదులు కుట్టడానికి సర్జన్లు ఎక్కువగా తీసేది దీన్నే. ఇది లేనివాడి చేతిలో ఆ చోట చర్మం కింద తెల్లగా, దాదాపు అంతే లావున కనిపించేది మీడియన్ నరం. టెండన్ అనుకుని నరాన్నే కోసి తీసి, ఇంకో చోట కుట్టిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు.

మామయ్య: అది తేడా తెలియక కాదు, ఒళ్లు దగ్గర పెట్టుకోక. టెండన్ మెరుస్తుంది, నరం మీద సన్న రక్తనాళాలు ఉంటాయి. ఆపరేషన్‌కి ముందు ఈ పరీక్ష చెయ్యనివాడికి పుస్తకం ఎన్ని పేజీలు పెంచినా ఏం లాభం?

మేనకోడలు: సదరం క్యాంపులో కూర్చున్నప్పుడు నువ్వు చూసినవాళ్ల సంగతి చెప్పు.

మామయ్య: దాన్నెందుకు తెచ్చావు ఇందులోకి?

మేనకోడలు: వైకల్యం నలభై శాతం ఉంటే పింఛను, ముప్పై ఎనిమిదైతే లేదు. మోచేతి దగ్గర నరం తెగినవాడు వస్తాడు. వేళ్లు విప్పమంటే విప్పుతాడు. వీడు నటిస్తున్నాడు అని బల్ల మీద ఉన్నవాళ్లకి అనిపిస్తుంది. మిల్లులో పోయిన చెయ్యి అయితే పరిహారం కేసు దాకా పోతుంది, అక్కడ యజమాని తరఫు డాక్టరు అదే మాట అంటాడు. స్పర్శ లేదని వాడు చెబితే వాడి మాటేగా. అడ్డబోదె ఉన్న మనిషికి రెండు శిక్షలు. నరమూ పోయింది, అబద్ధాలకోరన్న పేరూ వచ్చింది.

మామయ్య: వాడి మాట నమ్మక్కర్లేదు. స్పర్శ పోయిన వేలికి చెమట పట్టదు. ప్లాస్టిక్ పెన్ను వేలి మీద లాగితే మంచి వేలికి అంటుకుంటూ పోతుంది, చచ్చిన వేలి మీద జారిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే గోరువెచ్చని నీళ్లలో అరగంట పెట్టమను. మంచి వేలి కొస ముడతలు పడుతుంది, నరం లేనిది పడదు. 1973లో ఓ రియాన్ అని ఒకాయన చెప్పాడు. వరి నాట్లేసే ఆడవాళ్లకి మనం చెప్పేదేముంది, వేళ్లు ఎట్లా ముడుచుకుపోతాయో. నటించేవాడు చెమటనీ ముడతల్నీ నటించలేడు. ఒక బకెట్టు నీళ్లు చాలు. నీ మార్టినూ గ్రూబరూ అక్కర్లేదు.

ఇది విని నేను లోలోపల మామయ్య పక్షానికి జరిగాను. రెండు రూపాయల పెన్నుతో తేలే సంగతికి ఇంత గ్రంథమా అనిపించింది. ఆమె మాత్రం వదల్లేదు.

మేనకోడలు: మిర్చి కూడా చెబుతుంది ఆ మాట. నరం లేని వేలికి కారం మండదు, ఎర్రబడదు.

మామయ్య: అట్లా కాదు. ఏళ్ల తరబడి ముచ్చికలు తీసిన చేతికీ అంతగా మండదు, కారానికి అలవాటుపడి ఆ తలుపులు మొద్దుబారతాయి. హంగరీలో యాన్చో అనే ఆయన ఎలుకల మీద చూపించాడు ఎప్పుడో. దాన్ని పరీక్ష అనుకుని మోసపోవద్దు.

మేనకోడలు: అదీ మనిషిని బట్టే అన్నమాట!

మామయ్య: నోరు మూసుకో. ఇంతకీ అడ్డబోదెకి లోకంలో ఏదైనా మంచి జరిగిందా, నష్టమేనా?

మేనకోడలు: ప్రకృతి కొందరికి చేసిన పని ఇప్పుడు సర్జన్లు చేత్తో చేస్తున్నారు. మీడియన్ లోతు కొమ్మ చివర ముంజేతి అడుగున ఒక చదును కండరానికి పోతుంది. అది పోయినా పెద్ద నష్టం లేదు. దాన్ని కోసి, మణికట్టుకి పైన అల్నార్ కదలిక పోగులకి కుడతారు. మోచేతి నుంచి ఏడాది ప్రయాణం చెయ్యక్కర్లేదు, కొన్ని నెలల్లో అరచేతికి చేరుతుంది. నీ నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చినవాడికి అదే దారి. అమెరికాలో సూసన్ మెకినన్ లాంటివాళ్లు బాగా ప్రచారంలోకి తెచ్చారు.

మామయ్య: ఇది పనికొచ్చే మాట. ఇందాకటి నుంచి ఇది చెప్పకుండా 1763 దగ్గరే తిప్పుతున్నావేం?

మేనకోడలు: ఇది చెబితే నువ్వు మిగతాది వినవు.

మామయ్య: సరే విను. రేపు పొద్దున్నే మోచేతికి పైన తెగి ఒకడొచ్చాడు. వేళ్లు విప్పుతున్నాడు. మా కుర్రాడు ఏం చూడాలి?

మేనకోడలు: చిటికెన వేలి కొసన స్పర్శ. ఆ తర్వాత ఆ వేలి చివరి గణుపు ఒక్కటే ముడవగలడా అని. దాని కండరానికి అల్నార్ కొమ్మ మోచేతి కిందే విడిపోతుంది, అడ్డబోదె నీళ్లు సాధారణంగా దానికి అందవు. మూడోది, మణికట్టు చిటికెన వేలి వైపుకి వంచితే టెండన్ గట్టిపడుతోందా అని.

మామయ్య: అడ్డబోదె లేనివాడికైనా చూడాల్సింది ఇవే కదే?

మేనకోడలు: ఇవే. ఎవడికి ఉందో ఎవడికి లేదో మీ కుర్రాడికి మొహం చూస్తే తెలుస్తుందా?

మామయ్య: తెలియదు. అయినా నా మాట నాదే. పరీక్షలో ముందు పుస్తకం నరం రాయించు. అది రాసినవాడే "మనిషిని బట్టి" అనాలి, రాయనివాడు అనకూడదు.

మేనకోడలు: రాయిస్తాను. కింద ఐదుగురిలో ఒకరికి వేరుగా ఉంటుంది అని కూడా రాయిస్తాను.

మామయ్య: ఆరేడుగురిలో ఒకరు అని రాయించు. గ్రూబర్ లెక్క అంతే, 250కి 38.